ఫ్లాష్‌ను మొఖం మీద కొట్టకుండ్రి

మా ఇంట్ల గోడ మీద బాపు ఫోటో ఉన్నది. వచ్చినోళ్లు "మంచిగ వచ్చింది" అంటరు. నాకు మాత్రం దాని దిక్కు చూడబుద్ధి కాదు. బాపు అద్దాలల్ల కండ్లు లేవు, రెండు తెల్లటి మచ్చలున్నయి. నుదురు నూనె రాసినట్టు మెరుస్తది. వెనుక గోడ మీద నల్లటి నీడ, ఇంకో మనిషి నిలబడ్డట్టు.

ఆ ఫోటో తీసింది నేనే. 1988ల మా చెల్లె పెండ్లికి తీసిన. రీలు కడిగించేదాక ఎట్ల వచ్చిందో తెల్వని రోజులవి. రెండేండ్లకు బాపు పోయిండు. వేరే ఫోటో లేకపాయె, దాన్నే పెద్దగ చేయించి దండ వేసినం.

నేను చదువుకున్నది ముంబైల మునిసిపల్ తెలుగు బడిల నాలుగో తరగతి దాకనే. 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైనప్పుడు బద్లీ కార్మికుణ్ణి. మా మిల్లు మళ్ల మమ్ముల పిలువలేదు. భీవండికి పోయి సాంచాలు నడిపిన. ఆదివారాలు పెండ్లిళ్లకు, బారసాలలకు ఫోటోలు తీసి నాలుగు పైసలు సంపాదించిన. ఆ పని తప్పులు చేసుకుంటనే నేర్చుకున్న.

బాపు ఫోటోల నా తప్పేందంటే, ఫ్లాష్‌ను కెమెరా మీద పెట్టి సీదా మొఖానికే కొట్టిన. నిజానికి ఇది నాకు ముందే తెల్వాలె. మిల్లుల గుడ్డ తనిఖీ చేసే పెద్దమనిషి చెప్పేటోడు: ఎదురుంగ వెలుతురు పెడితే గుడ్డంత సాపుగనే కనపడ్తది, పక్క నుంచి ఏటవాలుగ పడితేనే పోగు లేస్తది, తప్పు దొరుకుతది. మొఖం గూడ అంతే. ఎదురు వెలుతురుకు ముక్కు, దవడ, ముడుతలు అన్ని కలిసి పిండిముద్ద అయితయి.

విడిగ కొనుక్కునే ఫ్లాష్‌లల్ల చానా వాటికి తల తిరుగుతది. తిరిగేదే కొనుండ్రి. తలను పైకప్పు దిక్కు తిప్పితే వెలుతురు కప్పుకు తగిలి, పరుచుకొని మెత్తగ కిందికి దిగుతది. క్యారమ్ ఆడేటోళ్లకు ఇది చెప్పనక్కర లేదు, స్ట్రైకర్ అంచుకు తగిలి ఎటు తిరుగుతదో వెలుతురు గూడ అటే తిరుగుతది. అయితే కప్పు తెల్లగ ఉండాలె. మన చాళ్లల్ల సగం ఖోలీలకు ఆకుపచ్చనో నీలమో ఉంటది, ఆ రంగంత మొఖం మీదికి దిగుతది. పెండ్లికూతురు కామెర్లు వచ్చినట్టు పడ్తె తిట్లు మనకే.

కప్పు రంగుదైతే నేను తెల్ల ధోతి వాడ్త. మనిషికి ఒక పక్క, చెయ్యెడు దూరంల, దండెం మీద వేలాడేసి ఫ్లాష్‌ను ధోతి దిక్కు తిప్పుత. కోరా గుడ్డ వద్దు, పసుపు పారుతది. బాగ తెల్లగ ఉతికినదే కావాలె. రెండు మడతలు చేస్తె ఇంకా మంచిది.

నిట్టనిలువుగ పైకి కొడితే ఇంకో చిక్కు. కండ్ల కింద గుంటలు పడ్తయి. దానికి ఫ్లాష్ వెనుక తెల్ల అట్టముక్క రబ్బరుతోని కట్టుండ్రి. కొంచెం వెలుతురు ముందుకొచ్చి కండ్లల్ల చిన్న మెరుపు పడ్తది. మనిషి జీవం అండ్లనే ఉంటది.

వెలుతురు గోడకు తగిలొచ్చేసరికి బలం తగ్గుతది. నా పాత ఫ్లాష్ మీద 28 అని ఉండె. 100 ఐఎస్‌ఓ మీద మూడున్నర మీటర్ల దూరానికి 28ని మూడున్నరతో భాగిస్తే 8, అదే అపెర్చర్. కప్పుకు కొట్టినప్పుడు రెండు మెట్లు తెరిచి 4 పెట్టేది. ఇప్పటి కెమెరాల తెర మీద చూసుకొని సవరించుకోవచ్చు, మాకు ఆ భాగ్యం లేకుండె. నా రీలు కెమెరాకు షట్టర్ 60 దాటిస్తే సగం ఫోటో నల్లగ వచ్చేది. ఇప్పటి కెమెరాలు చానా మటుకు 200 దాకా ఓర్చుకుంటయి.

అద్దాలు పెట్టుకున్నోళ్లకు: ఫ్లాష్‌ను ఎత్తుగ, పక్కకు పెట్టాలె. అద్దాల కాడలు చెవుల మీద జరంత లేపితే అద్దం కిందికి వంగి, మెరుపు నేలకు పోతది. గింతే పని. బాపుకు ఆ రోజు చెయ్యలేదు.

ఫోర్ట్‌ల పాత సామాను దొరుకుతదని పిల్లలు ఉరుకుతరు. పైలం. కొన్ని పాత ఫ్లాష్‌లు రెండు వందల వోల్టులకు పైన కెమెరాకు పంపిస్తయి, కొత్త డిజిటల్ కెమెరా కాలిపోవచ్చు. మెకానిక్‌తోని కొలిపించి పెట్టుండ్రి. చెడిపోతే ఇంట్ల విప్పొద్దు, సెల్లు తీసినంక గూడ లోపల మూడు వందల వోల్టుల దాకా నిలిచి ఉంటది.

ఫోనే ఉన్నోళ్లు ఫోన్ ఫ్లాష్ ఆపి, మనిషిని తలుపు పక్కన కూసోబెట్టుండ్రి. రాత్రైతే ఇంకొకరి ఫోన్ టార్చి తెల్లగోడ మీద కొట్టించుండ్రి.

మొన్న మా పక్క ఖోలీ అవ్వకు తీసిన. ఎనభై దాటినయి, అద్దాలు మందంగ ఉంటయి. ధోతి కట్టిన, కాడలు లేపిన. తెర మీద చూపిస్తే ఆమె అద్దాలు తీసి, తుడిచి, మళ్ల పెట్టుకొని చానా సేపు చూసింది.

"కండ్లు కనపడ్తున్నయి గదరా" అన్నది.

"అవునవ్వా."

"నవ్విన గద ఇండ్ల. ఇది బిడ్డకు పంపు. ఇంకోటి నవ్వకుంట తియ్యి, గోడకు పనికొస్తది."

తీసిన. రెండూ ప్రింటు వేయించి ఇచ్చిన. నవ్వందాన్ని ట్రంకుపెట్టెల చీరల కింద దాచుకున్నది.