మీకు తెలుసా? బేస్ గిటార్‌కు వేలా, పిక్కా?

బేస్ గిటార్‌ను వేళ్లతో మీటడమే అసలు పద్ధతి, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) వాడటం తక్కువరకం అని చాలామంది నమ్మకం. చరిత్ర మాత్రం ఆ మాట ఒప్పుకోదు.

1960ల లాస్ ఏంజెలెస్ స్టూడియోల్లో కరోల్ కే పిక్‌తోనే బేస్ వాయించారు. ఆమె మొదట గిటారిస్టు. 1963లో ఒక రికార్డింగుకు బేస్ వాయించాల్సిన మనిషి రాకపోవడంతో ఆ పని ఆమె చేతికొచ్చింది. బీచ్ బాయ్స్ ఆల్బమ్ ‘పెట్ సౌండ్స్’ (1966)లోని కొన్ని పాటల్లో బేస్ ఆమెదే.

అదే కాలంలో డెట్రాయిట్‌లో మోటౌన్ రికార్డు సంస్థ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ చూపుడువేలు ఒక్కదానితోనే తీగలు మీటేవారు. ఆ వేలికి ‘ది హుక్’ అని పేరే పడింది. ఒక్క వేలితో అంత చురుకైన నడక! ఇప్పుడు విన్నా అబ్బురమే.

తేడా ఎక్కడుందంటే, పిక్ గట్టిది, సన్నని అంచుతో తీగను తాకుతుంది. అందుకే పై అనుస్వరాలు (హార్మోనిక్స్) ఎక్కువగా పలికి, ప్రతి స్వరం మొదలూ ‘టక్’మని వినిపిస్తుంది. వేలికొస మెత్తన, వెడల్పు. అది పై అనుస్వరాలను తగ్గించి గుండ్రని నాదమిస్తుంది. మీటే చోటు ప్రభావమూ తక్కువేం కాదు: బ్రిడ్జి (తీగల కింది ఆధారం) దగ్గర పదును, మెడ వైపు మెత్తదనం. పిక్ పట్టినా, అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనిస్తే నాదం బాగా మెత్తబడుతుంది.

కొత్తగా నేర్చుకునేవారు రెండూ సాధన చేయండి. ఏది వాడాలో పాటను బట్టి నిర్ణయించుకోండి.