డబ్బా మీది వాట్లు ఎందుకు తికమక పెడతాయి?

హోమ్ థియేటర్ రిసీవర్ కొనబోతే కళ్లు ముందు వాట్ల అంకె మీదికే పోతాయి. ఒక డబ్బా మీద 70, పక్కదాని మీద 140. రెండోది రెట్టింపు మోగుతుందనిపిస్తుంది. మోగదు! వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెళ్లే. చెవికి అది కాస్త తేడా, అంతే. రెట్టింపు మోత వినిపించాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి.

పైగా ఆ అంకెను ఎలా కొలిచారన్నదే అసలు సంగతి. దాని కింద చీమ తలకాయంత అక్షరాలుంటాయి, అవి చదవాలి. '1 కిలోహెర్ట్జ్, ఒక చానల్, 10 శాతం డిస్టార్షన్' అని ఉంటే, ఒక్క స్పీకరును ఒకే స్వరంతో, గొంతు బొంగురుపోయేదాకా మోగించి రాసిన లెక్క అది. '20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్, రెండు చానళ్లు, 0.08 శాతం' అని ఉన్న 70 వాట్లే నమ్మదగ్గవి.

మరి డబ్బా మీద కనిపించే 5.1 అంటే? ముందు మూడు స్పీకర్లు, పక్కల రెండు. ఆ '.1' సబ్‌వూఫర్‌ది. పిడుగులు, పేలుళ్లలోని 120 హెర్ట్జ్ లోపు గుడగుడలే దాని వాటా. అందుకే పూర్తి అంకె దక్కలేదు.

చిన్న హాలుకు 5.1 చాలు. ఏడు స్పీకర్లు, రెండు సబ్‌వూఫర్లుండే 7.2కి పెట్టే అదనపు డబ్బును మంచి స్పీకర్ల మీద పెడితే మాటలు తేటగా వినిపిస్తాయి. టీవీకి హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని వెళ్లాలి. ఉంటే ఒకే కేబుల్‌లో బొమ్మ టీవీకి వెళుతుంది, టీవీ శబ్దం రిసీవరుకు వస్తుంది.