వైమానిక దూరం – రహదారి దూరం: సాలూరు కేంద్రంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం: రెండు ఊళ్ల మధ్య దూరం కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. ఈ భేదాన్ని సాలూరు ఆధారంగా వివరించి, ఏజెన్సీ ప్రాంతంలో దాని పర్యవసానాన్ని సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: సాలూరు, వైమానిక దూరం, రహదారి దూరం, నడక దూరం, ఘాటీ.

1. ఉపోద్ఘాతం

పార్వతీపురం మన్యం జిల్లాలోని సాలూరు లారీ రవాణాకు పేరుపొందిన పట్టణం. తీరమైదానాన్ని ఒడిశా కొండసీమతో కలిపే 26వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగా సాగుతుంది. మైదానం ముగిసి ఘాటీ మొదలయ్యే తావు కనుక ఈ పరిశీలనకు ఇది అనువైనది.

2. వైమానిక దూరం

భూగోళాన్ని రెండు సమభాగాలుగా విభజించే మహావృత్తం వెంబడి రెండు స్థలాల మధ్య గల అతి తక్కువ దూరమే వైమానిక దూరం. సాలూరు, విశాఖపట్నం దాదాపు ఒకే రేఖాంశంపై (83.2° తూర్పు) ఉన్నాయి. కాబట్టి అక్షాంశ భేదం ఒక్కటే చాలు. 18.52° నుంచి 17.69° తీసివేయగా 0.83° మిగులుతుంది. డిగ్రీకి సుమారు 111 కి.మీ. చొప్పున ఇది దాదాపు 92 కి.మీ. రేఖాంశ భేదాన్నీ లెక్కలోకి తీసుకుంటే కొరాపుట్ సుమారు 63 కి.మీ.

3. రహదారి దూరం

విజయనగరం, గజపతినగరం, రామభద్రపురం మీదుగా విశాఖ–సాలూరు రహదారి దూరం సుమారు 115 కి.మీ. అంటే వైమానిక దూరానికి ఒకటింపావు రెట్లు. కొరాపుట్ దారి స్వభావం వేరు. ఆ పట్టణం సాలూరు కంటే సుమారు 750 మీటర్లు ఎత్తున ఉంది. అయితే 63 కి.మీ. సరళరేఖకు ఆ ఎత్తు స్వయంగా చేర్చేది ఐదు మీటర్ల లోపే. వాలును వాహనాలకు అనువుగా తగ్గించడానికి వేసిన మలుపులే అసలు దూరాన్ని పెంచుతాయి.

4. చట్టం – కొలమానం

1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, వేరే ఉద్దేశం వ్యక్తం కానప్పుడు, కేంద్ర చట్టాల్లోని దూరాన్ని సమతలంపై సరళరేఖలో కొలవాలి. విద్యాహక్కు చట్టపు నమూనా నియమావళి (2010) మాత్రం ప్రాథమిక పాఠశాల ఒక కిలోమీటరు నడక దూరంలో ఉండాలని నిర్దేశించింది. కష్టతరమైన భూభాగాల్లో ఆ పరిమితిని ఇంకా తగ్గించాలని కూడా చెప్పింది. కొండకు ఇరువైపులా ఉన్న రెండు గ్రామాలు పటంపై కిలోమీటరు దూరంలోనే కనిపించవచ్చు. నడిచే పసివాడికి అది కొండ ఎక్కి దిగే దూరం. రోడ్డు లేని గిరిశిఖర గ్రామాల నుంచి గర్భిణులను డోలీల్లో మోసుకురావలసి రావడం ఈ మన్యంలో తరచు వార్తలకెక్కిన వాస్తవం. వారి విషయంలో ఆసుపత్రి ఎంత దూరమన్నది పటం చెప్పదు, కాలిబాట చెబుతుంది.

5. ముగింపు

దూరం కేవలం అంకె కాదు, ఒక నిర్వచనం. మాండలిక, జానపద క్షేత్రపరిశోధనల్లోనూ గ్రామాల సామీప్యాన్ని పేర్కొనేటప్పుడు అది ఏ దూరమో స్పష్టం చేయాలి. లేకపోతే కొండ వేరుచేసిన ఊళ్లను ఇరుగుపొరుగుగా భావించి తప్పుడు నిర్ధారణలకు చేరే ప్రమాదం ఉంది.