ఒక్క కన్నే ముందుకొస్తోందా? చుక్కల మందుతో ఆగకండి

చోడవరం నుంచి మాట్లాడుతున్నాను. మా బావ బండి మీంచి పడ్డాక కొన్నాళ్లకి ఒక కన్ను ఎర్రబడి ఉబ్బింది. కళ్లకలక అనుకుని నెలరోజులు చుక్కలే వేశాం. చెవిలో గుండె కొట్టుకున్నట్టు హోరు వస్తోందన్నాడు, మేం పట్టించుకోలేదు. స్కాన్‌లో తేలింది: కంటి వెనకాల కెరోటిడ్ ధమని చిట్లి, ఆ రక్తం సిరల్లోకి దూసుకొస్తోంది.

రెండో కారణం సైనస్. కంటి గూటికి పైన, కింద, ముక్కు వైపు సైనస్ గదులుంటాయి. ముక్కు వైపు గోడ కాగితమంత పల్చన. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ కంటికి పాకింది ఈ సైనస్‌ల నుంచే. ముక్కు వైపు గడ్డ పెరిగితే కన్ను బయటి పక్కకి జరుగుతుంది. చెంప సైనస్‌లో అయితే పైకి, నుదుటి సైనస్‌లో అయితే కిందికి. ఒకవైపు ముక్కు మూసుకుపోయి రక్తం కూడా వస్తుంటే కంటి డాక్టర్‌తో పాటు ఈఎన్‌టీ డాక్టర్‌కీ చూపించండి.

ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, రెప్ప వాలిపోవడం, ఒకటి రెండుగా కనబడటం ఉంటే మాత్రం ఆగొద్దు. 108కి ఫోన్ చేసి విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికి వెళ్లిపోండి.

ఇప్పుడొక పని చెయ్యండి. వెనక కెమెరాతో ఎవరిచేతైనా ఫొటో తీయించి, రెండేళ్ల కిందటి ఫొటో పక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే ఆ రెండూ డాక్టర్‌కి చూపించండి. మేం ఆ పని ముందే చేసుంటే నెల పోయేది కాదు.