కార్టిసోల్ మితిమీరినపుడు దోషం ఏ గ్రంథిది?

మూత్రపిండాల కొసలపై టోపీలవలె అమరియున్న రెండు చిన్న గ్రంథులకు అధివృక్క గ్రంథులని పేరు. వీటి పైభాగంలో తయారయ్యే హార్మోనులలో కార్టిసోల్ ముఖ్యమైనది. రక్తపు పోటును, రక్తంలోని చక్కెరను నిలబెట్టడానికి ఇది అవసరం. కాని నెలల తరబడి మితిమీరితే ముఖం గుండ్రనై, పొట్ట పెరిగి, కాళ్లు చేతులు సన్నబడతవి. చర్మం పలుచబడి చిన్న దెబ్బకే కమిలిపోతుంది. పొట్టమీద వెడల్పైన ఊదారంగు చారలు కనిపిస్తవి, ఎముకలు గుల్లబారుతవి. అమెరికా శస్త్రవైద్యుడు హార్వీ కుషింగ్ ఇటువంటి రోగిని 1912లో వర్ణించి, 1932లో దీనికి పీయూష గ్రంథిలోని చిన్న కంతులు కారణమని ప్రతిపాదించాడు. అయితే అందరిలోను తప్పు ఆ గ్రంథిదే కాదు. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

మెదడు అడుగున బఠాణీగింజంత ఉండే పీయూష గ్రంథి ఎ.సి.టి.హెచ్. అనే హార్మోనును రక్తంలోకి వదలుతుంది. అది అధివృక్క గ్రంథులకు ఆజ్ఞ వంటిది. కార్టిసోల్ చాలినంత తయారుకాగానే, ఆ కార్టిసోలే పీయూష గ్రంథిని అణచి ఆజ్ఞను తగ్గిస్తుంది. పొలం మునిగినపుడు రైతు ఏమి విచారిస్తాడు? తూము తలుపే చెడిందా, కాలువ మీది లస్కరు అతిగా నీరు వదిలాడా, లేక లస్కరుకు తెలియకుండా మరెవరైనా తలుపు ఎత్తారా అని కదా! వైద్యుని విచారణ కూడ ఇంతే.

అన్నిటికంటె ముందు అడుగవలసినది మందుల సంగతి. ఉబ్బసానికి, కీళ్ల నొప్పులకు వాడే స్టెరాయిడ్ మందులే ఈ లక్షణాలకు అతి సాధారణ కారణం. చర్మానికి పూసే లేపనాలలో కూడ ఇవి ఉండవచ్చు. ఈ సంగతి తెలిసి భయపడి, ఉన్నట్టుండి మందు మానరాదు. నిద్రపోయిన అధివృక్క గ్రంథులు వెంటనే మేల్కొనవు, ప్రాణాపాయం కలుగవచ్చు.

మందులు కారణం కానపుడు, కార్టిసోల్ నిజంగా ఎక్కువైనదా అని తేల్చాలి. రాత్రి 11 గంటలకు 1 మిల్లీగ్రాము డెక్సామెథసోన్ ఇచ్చి, మరునాటి ఉదయం రక్తం పరీక్షిస్తారు. ఆరోగ్యవంతులలో కార్టిసోల్ డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాములకు లోబడి పడిపోతుంది. 24 గంటల మూత్రాన్ని, అర్ధరాత్రి లాలాజలాన్ని కూడ పరీక్షిస్తారు. ఒక్క పరీక్షతో తీర్పు చెప్పరు.

ఆ తరువాత ఎ.సి.టి.హెచ్.ను కొలుస్తారు. అది అడుగంటియుంటే, ఆజ్ఞ లేకుండానే కార్టిసోల్ తయారవుతున్నదన్నమాట. దోషం అధివృక్క గ్రంథిదే. అది ఎక్కువగా ఉంటే ఆజ్ఞ ఇచ్చేవారిని వెదకాలి. మరి అది మామూలు హద్దులలోనే ఉంటే? విద్యార్థులు పొరపడేది ఇక్కడే. కార్టిసోల్ పొంగిపొరలుతున్నపుడు ఎ.సి.టి.హెచ్. అణగియుండవలసినది. అణగకుండ ‘మామూలుగా’ ఉండడమే అసహజం. అంకెను ఒంటరిగా చదువరాదు. దాని జతగాడి పక్కన పెట్టి చదువవలె.

ఆజ్ఞ ఇచ్చేది సాధారణంగా పీయూష గ్రంథిలోని కంతి; అరుదుగా ఊపిరితిత్తులలోనో మరొకచోటనో ఉన్న కంతి. 1960లో గ్రాంట్ లిడిల్ ప్రకటించిన పద్ధతిలో డెక్సామెథసోన్ మోతాదు పెంచి చూస్తారు. పీయూష కంతి కొంతవరకు లొంగుతుంది, ఇతరచోట్ల కంతులు సాధారణంగా లొంగవు. ఈ తేడా నూటికి నూరుపాళ్లు నమ్మదగినది కాదు. ఎం.ఆర్.ఐ. చిత్రం కూడ మోసపుచ్చవచ్చు: నిజమైన కంతి కనబడనంత చిన్నదిగా ఉండవచ్చు, ఆరోగ్యవంతులలోనూ నిరపాయకరమైన మచ్చ ఒకటి కనబడవచ్చు.

అటువంటి సందిగ్ధంలో గజ్జలోని సిరగుండా సన్నని గొట్టాలను పైకి పంపి, పీయూష గ్రంథినుండి రక్తం దిగివచ్చే రెండు సిరలలో నమూనాలు తీస్తారు. అక్కడి ఎ.సి.టి.హెచ్. చేతి సిరలోని దానికి కనీసం 2 రెట్లు, ఉత్తేజపరచే మందు ఇచ్చిన పిమ్మట కనీసం 3 రెట్లు ఉంటే, ఆజ్ఞ అక్కడినుండే వస్తున్నదని నిర్ణయిస్తారు. అపుడు శస్త్రవైద్యుడు ముక్కు మార్గాన పీయూష గ్రంథిని చేరి కంతిని తొలగిస్తాడు; అధివృక్క గ్రంథులు రెండూ రోగికి దక్కుతవి.