రాయికీ ఓ చీటీ కావాలి

పచ్చడి జాడీ మీద ‘మాగాయ, ఫలానా ఏడాది’ అని చీటీ అంటించుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. చాకలిపద్దు రాసుకుంటాం. పాలవాడి లెక్క క్యాలెండరు మీద గీసుకుంటాం. ఇన్ని రాసుకునే మనం, ఒక రాయికి కట్టిన చీటీ కనిపిస్తే మాత్రం చెత్త అనుకుని తీసి పారేస్తాం. నేను అలాగే పారేశాను. నాలాగా మీరు చేయకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మా నాయన గూడూరు దగ్గర మైకా గనుల్లో గుమాస్తా. మైకా అంటే అభ్రకం. మన పెద్దవాళ్లు కాకిబంగారం అనేవారు. కరెంటు సామాన్లలో వాడకానికి నెల్లూరు మైకాకి ఒకప్పుడు గొప్ప పేరు. ఆ గోతుల్లో మైకా ఒక్కటే కాదు, పలుగురాయి, ఫెల్‌స్పార్, ఎర్రటి గార్నెట్, నల్లటి టూర్మలిన్ లాంటివి కూడా బయటపడుతుంటాయి. పనికిరావని పక్కన పోసిన వాటిల్లోంచి నాయన తనకు నచ్చినవి అడిగి తెచ్చుకునేవారు. ఒక్కో రాయికీ దారంతో చీటీ కట్టి, సిరా కలంతో ఏదో రాసి, బిస్కెట్ల రేకుడబ్బాల్లో సర్దేవారు. “ఈ రాళ్లేమన్నా కూడు పెడతాయా?” అని అమ్మ సణుగుతుండేది. ఆయన నవ్వి ఊరుకునేవారు.

2012లో నాయన పోయారు. డబ్బాలు మా ఇంటికొచ్చాయి. 2013 సంక్రాంతికి ఇల్లు దులుపుతూ వాటిని కిందికి దించాను. మొత్తం 34 రాళ్లు. బొమ్మల కొలువులో కొండలకి భలే ఉంటాయి కదా అనిపించింది. కత్తెర తెచ్చి దారాలన్నీ కత్తిరించాను. రాళ్లను సబ్బునీళ్లల్లో వేసి పీచుతో రుద్దాను. చీటీలు మిగతా చెత్తతోపాటు భోగిమంటలో పడ్డాయి. పేరంటానికొచ్చిన వాళ్లంతా కొలువు మెచ్చుకుంటుంటే మురిసిపోయాను కూడా.

తర్వాత ఐదేళ్లు ఆ రాళ్లు షోకేసులోనే ఉన్నాయి. 2018లో మా అమ్మాయి డిగ్రీలో జియాలజీ తీసుకుంది. వాళ్ల లెక్చరర్ మేడం ఒకసారి మా ఇంటికొచ్చినప్పుడు లేతాకుపచ్చగా, ఆరు పలకలుగా ఉన్న రాయిని చేతిలోకి తీసుకుని, “ఇదెక్కడిదండీ?” అని అడిగారు.

“మా నాయనది” అన్నాను.

“అది కాదండీ, ఏ ఊరిది, ఏ గోతిలోది అని.”

నేను చీటీల సంగతి చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, “పేరుదేముందండీ, పరీక్షలు చేసి ఎప్పుడైనా కనుక్కోవచ్చు. ఊరు మాత్రం రాయి చెప్పదు” అన్నారు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

కనీసం పేర్లయినా తిరిగి రాద్దామని ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఇంటర్‌తో చదువాపేసిన నాకే వచ్చిందంటే మీకూ వస్తుంది. కావాల్సిన సామానంతా మన వంటింట్లోనే ఉంది.

ముందు కళ్లతో, చేత్తో

రంగు చూసి మోసపోకండి. పలుగురాయినే తీసుకోండి. తెల్లగా ఉంటుంది, గులాబీ రంగులో ఉంటుంది, ఊదాగానూ పొగరంగులోనూ దొరుకుతుంది. ఆకారం, మెరుపు, విరిగిన తీరు చూడాలి. మైకా పొరలు పొరలుగా ఊడుతుంది, పొరను వంచి వదిలితే మళ్లీ తిన్నగా అవుతుంది. టూర్మలిన్ నిలువు గీతలతో పుల్లలా ఉంటుంది. బలపం రాయి తాకితే సబ్బులా జారుతుంది.

తర్వాత చేతిలో బరువు చూడండి. రైల్వే కోడూరు దగ్గర మంగంపేటలో దొరికే ముగ్గురాయి, అదే బెరైటీస్, తెల్లగా బూడిదరంగుగా మామూలు రాయిలాగే కనిపిస్తుంది. చేతిలోకి తీసుకుంటే మాత్రం ‘అబ్బ, ఇంత బరువా’ అనిపిస్తుంది. ఆ బరువు కోసమే దాన్ని పొడిచేసి, చమురు బావులు తవ్వేటప్పుడు బురదలో కలుపుతారు.

గోరు, రాగి, చాకు, గాజు

1812లో మోస్ అనే జర్మన్ శాస్త్రవేత్త రాళ్ల గట్టిదనానికి 1 నుంచి 10 దాకా మెట్లు కట్టాడు. బలపం రాయి 1, జిప్సం 2, కాల్సైట్ 3, ఫ్లోరైట్ 4, అపటైట్ 5, ఫెల్‌స్పార్ 6, పలుగురాయి 7, టోపాజ్ 8, కురువిందం 9, వజ్రం 10. మనం నగల్లో పెట్టుకునే కెంపు, నీలం ఈ కురువిందం జాతివే.

మన గోరు గట్టిదనం రెండున్నర. రాగి తీగముక్కది సుమారు 3. చాకుదీ, గాజుముక్కదీ దాదాపు ఐదున్నర. గోరుతో గీత పడితే రాయి 2 లేదా అంతకంటే మెత్తన. చాకుతో పడకుండా, ఆ రాయే గాజును గీస్తే 6కి అటూ ఇటూ, లేదా ఇంకా పైన. గీత పడిందనుకున్న చోట వేలితో తుడిచి చూడండి. పోయిందంటే అది గీత కాదు, చాకు తాలూకు గుర్తే. రాయి వెనకవైపు, కనిపించని మూలన గీయండి సుమా!

నాయన ఆకుపచ్చ రాయి సంగతి ఇలాగే తేలింది. ఆరు పలకలుగా అపటైటూ ఉంటుంది, బెరిలూ ఉంటుంది. అపటైట్ అయితే చాకుకు లొంగేది. ఇది లొంగలేదు. గాజును గీసింది, చివరికి పలుగురాయినీ గీసింది. కాబట్టి బెరిల్. మరకతం, అంటే పచ్చ, ఈ జాతిదే. అయ్యో, ఆశపడకండి! మాది మసకగా ఉన్న రాయి, ఉంగరంలోకి పనికిరాదు.

టైలు, నిమ్మరసం, తూకం

బాత్‌రూం టైలు వెనకవైపు గరుకుగా, నునుపు లేకుండా ఉంటుంది కదా, దాని మీద రాయిని గీయండి. పడిన పొడి రంగు చూడండి. హెమటైట్ అనే ఇనుపరాయి పైకి నల్లగా మెరిసినా గీత ఎర్రమట్టి రంగులో పడుతుంది. మాగ్నెటైట్ గీత నలుపు, పైగా అయస్కాంతానికి అంటుకుంటుంది. బంగారంలా మెరిసి మోసంచేసే పైరైట్ గీత ఆకుపచ్చ కలిసిన నలుపు. అసలు బంగారం గీత పసుపే.

కాల్సైట్ పటికబెల్లం ముక్కలా ఉండి పలుగురాయిలా భ్రమ పెడుతుంది. చాకుతో కాస్త పొడి గీకి, దాని మీద నిమ్మరసమో వెనిగరో ఓ చుక్క వేయండి. సన్నగా నురగ వస్తే కాల్సైట్. పలుగురాయి కదలదు, మెదలదు. దీనికోసం బాత్‌రూం కడిగే యాసిడ్ జోలికి పోవద్దు. ఒళ్లు కాలుతుంది.

ఇక తూకం. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే చాలు. ముందు పొడిరాయిని తూచండి. తర్వాత త్రాసు మీద నీళ్ల గిన్నె పెట్టి, రాయిని దారంతో వేలాడదీసి, అడుగుకు, పక్కలకు తగలకుండా నీళ్లల్లో ముంచండి. గిన్నె బరువు ఎన్ని గ్రాములు పెరిగిందో చూడండి. మొదటి బరువును ఈ పెరిగిన బరువుతో భాగించాలి. 225 గ్రాముల రాయి ముంచితే 50 గ్రాములు పెరిగిందనుకోండి, నాలుగున్నర వచ్చింది. మంచి ముగ్గురాయికి వచ్చే అంకె అదే. అదే పలుగురాయికైతే సుమారు 2.65 వస్తుంది. నీళ్లకు పాడయ్యే రాళ్లకు ఈ పరీక్ష వద్దు.

నేను కడిగి చెడగొట్టినవి

అన్ని రాళ్లనూ కడగకూడదని నాకప్పుడు తెలియదు. మైకాని నానబెడితే పొరల్లోకి నీళ్లు పోయి అంచులు విచ్చుకుంటాయి. నాయన రాళ్లల్లో రెండు అలాగే పాడయ్యాయి. ఉప్పురాయి కరిగిపోతుంది. జిప్సం పీచుతో రుద్దితే గీతలు పడుతుంది. పైరైట్ తడి తగిలితే తుప్పు పడుతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపడం అన్నిటికీ మంచిది.

ఇక చీటీ, చిట్టా

అసలు పని ఇదే. దీనికి మన పద్దు పుస్తకం లాంటి గట్టి అట్ట పుస్తకం ఒకటి చాలు. ప్రతి రాయికీ ఒక నంబరు. రాయి మీద అందంగా లేని చోట తెల్ల పెయింటు చుక్క పెట్టి, ఆరాక సన్నటి కలంతో నంబరు వేయాలి. చీటీ ఊడినా, నాలాంటిది కత్తిరించినా, నంబరు మిగులుతుంది. అదే నంబరు పుస్తకంలోనూ వేసి ఇవి రాయాలి:

పేరు. పక్కన ఏ పరీక్ష చేస్తే ఏం తేలిందో. అనుమానముంటే ప్రశ్నగుర్తు పెట్టండి, సిగ్గుపడక్కర్లేదు.

దొరికిన చోటు. ఊరు, మండలం, గని పేరు, ఏ మూల, ఎంత లోతు.

తేదీ. ఎవరు ఏరారు, ఎవరిచ్చారు, కొన్నదైతే ఎక్కడ ఎంతకి.

పొడుగు, వెడల్పు సెంటీమీటర్లలో, బరువు గ్రాముల్లో. పక్కన స్కేలు పెట్టి ఫొటో.

చోటు రాసేటప్పుడు జిల్లా పేరొక్కటే రాసి ఊరుకోకండి. 2016లో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రలో 13 జిల్లాలు 26 అయ్యాయి. మా గూడూరే అప్పుడు నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి మారింది. జిల్లాలు మారతాయి, ఊరు మారదు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో అక్షాంశం, రేఖాంశం అంకెలు వస్తాయి కదా, అవీ రాసేయండి.

పాత చీటీ ఉంటే ప్రాణం పోయినా పారేయకండి. అందులో పేరు తప్పు రాసి ఉన్నా సరే, దాన్ని ఉంచి పక్కన కొత్తది పెట్టండి. అజంతా, ఎల్లోరా యాత్రలకెళ్లి మెరిసే రాళ్లు కొనుక్కొస్తాం కదా, ఏ ఊరి రాయని అప్పుడే అడిగి రాసుకోండి. ఇంటికొచ్చాక అడగడానికి ఎవరుంటారు?

రెండు జాగ్రత్తలు. పాడుబడిన గనిగోతుల్లోకి దిగకండి, పిల్లల్ని దించకండి. ఎవరి నేలైనా అడగందే ఏరకండి. నారలు నారలుగా ఊడే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, పులివెందుల వైపు దొరుకుతుంది. దాన్ని గీకొద్దు, గోకొద్దు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

అమ్మ చెప్పిన తొమ్మిది

పేర్లు చాలావరకు రాయగలిగాను. చోట్ల సంగతే తోచక, ఓ మధ్యాహ్నం రాళ్లన్నీ పళ్లెంలో పోసి అమ్మ ముందు పెట్టాను. ఏళ్ల తరబడి వాటిని తిట్టిన మనిషి, ఏం చెబుతుందిలే అనుకున్నాను. అమ్మ ఒక్కొక్కటే తీసి ఒళ్లో పెట్టుకుని తడిమి చూసింది. ఎర్ర గార్నెట్ దగ్గర ఆగింది. “ఇది సైదాపురం నుంచి తెచ్చారే. అప్పుడు నువ్వు కడుపులో ఉన్నావు. ఇంత బరువు జేబులో వేసుకొచ్చి చొక్కా చింపుకున్నారని గొడవపడ్డాను” అంది.

సాయంత్రానికి తొమ్మిదింటి ఊళ్లు చెప్పింది. నేను పుస్తకంలో ‘అమ్మ చెప్పినది’ అని పక్కన రాసుకున్నాను. ఎవరి మాటో రాయడం కూడా పద్ధతేనని మేడం చెప్పారు. ఆకుపచ్చ బెరిల్ అమ్మకి గుర్తుకు రాలేదు. మిగిలిన 25 రాళ్లకీ ‘స్థలం తెలియదు’ అని నా చేత్తో నేనే రాశాను. అలా రాస్తుంటే ప్రతిసారీ ఆ భోగిమంట కళ్ల ముందు కనిపించింది.

2021లో అమ్మ పోయింది. ఆ మధ్యాహ్నం నేను కూర్చోకపోయి ఉంటే ఆ తొమ్మిది ఊళ్లు కూడా ఆమెతోనే పోయేవి.

మీ ఇంట్లోనూ ఏదో ఒక రాయి ఉండే ఉంటుంది. పిల్లలు ఏట్లో ఏరినదో, మామగారు దాచుకున్నదో. దాని ఊరు తెలిసినవాళ్లు ఇంట్లో ఉంటే ఇవాళే అడిగి చీటీ రాయండి. పేరు రేపు కనుక్కోవచ్చు.