షట్టర్ ఎత్తకముందే వేయాల్సిన లెక్క

పెళ్లి బ్లౌజులు కుట్టే బొటిక్‌కు అన్ని నెలలూ ఒకేలా ఉండవు. శ్రావణంలోనూ, ముహూర్తాలు దండిగా ఉండే మాఘ ఫాల్గుణాల్లోనూ రాత్రి పొద్దుపోయేదాకా మిషన్లు ఆగవు. ఆషాఢం వచ్చినా, మూఢం పట్టినా ఆర్డర్లు పలచబడతాయి. అద్దె మాత్రం ఏ నెలా తగ్గదు. అందుకే కొట్టు అద్దెను నెలవారీ ఖర్చుగా కాక, సంతకం పెట్టిన రోజే నెత్తికెక్కే అప్పుగా చూడాలి. ఎన్నాళ్లకు కట్టుబడితే అన్నాళ్ల మొత్తాన్నీ బాకీగా లెక్కగట్టాకే కొట్టు తీసుకోవాలి.

ఒక లెక్క వేద్దాం. అద్దె నెలకు 40 వేలు. ఆరు నెలల అడ్వాన్సు 2.4 లక్షలు తిరిగొచ్చేదే అయినా, ఉన్నన్నాళ్లూ వడ్డీ లేకుండా ఓనర్ దగ్గరే ఉంటుంది. లైట్లు, అద్దాలు, ట్రయల్ రూమ్, సీలింగ్‌కు 6 లక్షలు పెడితే, ఖాళీ చేసేనాడు అందులో చాలా భాగం గోడలకే ఉండిపోతుంది. ఆ 6 లక్షలను మూడేళ్లకు పంచితే నెలకు సుమారు 16,700. దానికి అద్దె, మెయింటెనెన్స్ 3,300 కలిపితే నెలకు అసలు భారం 60 వేలు. గుడ్డ, మగ్గం, కుట్టుకూలి పోగా వంద రూపాయల అమ్మకంలో 30 మిగులుతాయనుకుంటే, కొట్టు నడిపేవారు తమ కష్టానికి ఒక్క రూపాయి తీసుకోకముందే నెలకు 2 లక్షల అమ్మకం జరగాలి. ఆషాఢంలో అది లక్షకు పడితే 30 వేలు చేతినుంచి పెట్టుకోవాలి. ఓనర్ జీఎస్టీలో ఉంటే అద్దెపై 18 శాతం పన్ను అదనం. ఓనర్‌కు రిజిస్ట్రేషన్ లేకపోయినా అద్దెదారుకు ఉంటే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను అద్దెదారే కట్టాలి. మామూలు పద్ధతిలో జీఎస్టీ కట్టేవాళ్లు దాన్ని తమ పన్నులో సర్దుకోవచ్చు. జీఎస్టీ కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లను ఈ కొత్త బాధ్యత నుంచి తప్పించారు గానీ, ఓనర్ బిల్లులో వేసిన పన్ను వాళ్లకు తిరిగి రాదు.

ఇంత భారమైతే పదకొండు నెలల అగ్రిమెంటే మేలు, నచ్చకపోతే ఖాళీ చేయొచ్చు అంటారు చాలామంది. ఆ స్వేచ్ఛ ఓనర్‌కూ ఉంటుందని మరవకూడదు. వ్యాపారం నిలదొక్కుకునే వేళకు అద్దె పెంచమనో, ఖాళీ చేయమనో అడిగితే, పైన చెప్పిన 6 లక్షలు పదకొండు నెలల మీదే పడతాయి. అంటే నెలకు 54 వేల పైచిలుకు. మూడేళ్లకు రాసుకున్నా రిజిస్టర్ చేయించకపోతే ఆ మాట కోర్టులో నిలవదు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. లేకపోతే అది నెలవారీ అద్దెగానే లెక్క, పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. కాబట్టి సామాను ఎత్తుకుపోగలిగేలా తక్కువ ఖర్చుతో మొదలుపెట్టేవారికి పదకొండు నెలలు సరిపోతుంది. గోడలకు లక్షలు పెట్టేవారికి రిజిస్టర్డ్ లీజే రక్షణ. అందులోనూ లాకిన్ పీరియడ్, అంటే లీజును మధ్యలో ముగించకూడని గడువు, తమకు ఆరు నెలలో, ఏడాదో ఉండి, ఓనర్‌కు మూడేళ్లూ ఉండేలా అడగాలి.

చిన్న అద్దెదారు అడిగితే ఓనర్లు ఒప్పుకుంటారా అన్న సందేహం సహజమే. కానీ ఖాళీ షట్టర్ ఓనర్‌కూ నష్టమే. ఇంటీరియర్ పని జరిగే నెలకు అద్దె వద్దనమని, ఏటా పెంపు ఎంతో ముందే రాయమని అడగడంలో తప్పులేదు. కాగితం మీద లేని దయ కష్టకాలంలో దొరకదు. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీలోని ఖాన్ మార్కెట్ దుకాణం కేసులో అక్కడి హైకోర్టు, కొట్టు మూతపడిందన్న కారణంతోనే అద్దె ఆపలేమని చెప్పింది. చెల్లింపుకు కొంత గడువు మాత్రమే ఇచ్చింది. అలాంటి విపత్తులో అద్దె తగ్గేలా షరతు రాసుకున్నవారి పరిస్థితి వేరు.

మెయిన్ రోడ్డు మీద లేకపోతే కస్టమర్లు రారన్న వాదనలో కొంత నిజముంది. రెడీమేడ్ అమ్మేవారికి దారినపోయేవాళ్లే ఆధారం. ఆర్డర్ మీద కుట్టే బొటిక్‌కు మాత్రం నోటిమాట మీద వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎక్కువ. వాళ్ల కోసం మెయిన్ రోడ్డు అద్దె కట్టడం అనవసరం, పక్క వీధిలో మొదటి అంతస్తు చాలు. ఎక్కడ తీసుకున్నా కొలత ఒక్కటే. అడ్వాన్సు, ఇంటీరియర్ ఖర్చు పోయాక కూడా మూడు మందకొడి నెలల అద్దె చేతిలో మిగలాలి. మిగలకపోతే ఆ కొట్టు ఎంత అందంగా ఉన్నా ఇప్పటికి వదులుకోవాలి.